మా పాట హోల్డ్‌లో దొరికింది

ప్లేలిస్ట్‌లో 14 పాటలు. ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి అని మూడు రాత్రులు కూర్చుని సర్దాను. మొదటి రెండూ తేలిగ్గా, మాటల మధ్యలో వినీ విననట్టు ఉండే పాటలు. ఆ తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్లి, తొమ్మిదో పాటలో పల్లవి అయిపోయి చరణం మొదలయ్యే ముందు వయొలిన్లు ఒక్కసారిగా లేస్తాయి చూడండి, సరిగ్గా అక్కడ నేను ప్రేమించిన అమ్మాయిని అడగాలనుకున్న పెళ్లి మాట అడుగుతాను. అడిగేది ఒకే ఒక్క వాక్యం, దానికి తొమ్మిది పాటల ముందుమాట. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ అప్పుడు మాత్రం పరీక్షకి చదివినంత సీరియస్‌గా చేశాను.

ఆ సాయంత్రం మేడ మీద ఏం జరిగిందో వరసగా చెప్తాను. స్పీకర్ ఆన్ చేయగానే అందులోంచి ఒక ఆడగొంతు “బ్లూటూత్ కనెక్టెడ్” అని చుట్టుపక్కలంతా వినపడేలా చాటింపు వేసింది. రెండో పాటలో ఎవరో నాకు ఫోన్ చేస్తే ఆ రింగ్‌టోన్ కూడా స్పీకర్‌లోనే మోగింది. సరే, సర్దుకున్నాం. ఎనిమిదో పాట అయింది. గుండె దడదడలాడుతోంది, గొంతు సవరించుకున్నాను, ఇక తొమ్మిదోది మొదలవ్వాలి. అక్కడ యాడ్ వచ్చింది. డబ్బులు కట్టని యాప్ కదా, దాని ధర్మం అది నెరవేర్చింది. చల్లటివి తాగితే పళ్లు జివ్వుమంటున్నాయా అని ఒకాయన మహా ఆప్యాయంగా అడిగాడు. ఆయన వెళ్లిపోయాక వయొలిన్లు లేచాయి, నేను నోరు తెరిచాను, తను నా వైపు వంగి అంది: “ఆ సౌండ్ కాస్త తగ్గించవా? ఇందాకట్నుంచి నువ్వేదో చెప్తున్నావు, సగం వినపడట్లేదు.”

తగ్గించలేదు, కట్టేశాను. ఏ చప్పుడూ లేకుండా, అనుకున్నదానికంటే నాలుగు మాటలు తక్కువగా, తడబడుతూ అడిగాను. కాసేపు ఏడిపించి ఒప్పుకుంది. రెండేళ్ల తర్వాత ఏదో మాటల్లో “ఆ రోజు ఏ పాట వస్తోందో గుర్తుందా?” అని అడిగితే చాలాసేపు ఆలోచించి, “పాటలు పెట్టావా? నాకా టూత్‌పేస్ట్ యాడ్ గుర్తుంది” అంది.

అందుకే, ప్రపోజ్ చేయడానికి 50 పాటలు, యానివర్సరీకి 30 పాటలు అంటూ ఎక్కడ లిస్టు కనపడినా నాకు ఒళ్లు మండుతుంది. ఆ లిస్టు రాసినవాళ్లకి మీరెవరో తెలీదు, మీ పక్కన కూర్చునే మనిషి ఎవరో అసలే తెలీదు. జలుబుకి మందు చెప్పినట్టు ప్రేమకి పాట చెప్తారు. నేను చెప్పదలుచుకున్నది వేరు. ముఖ్యమైన రోజున కొత్తగా ఒక పాట ఎంచి తెచ్చి పెడితే అది దాదాపు ఎప్పుడూ పని చేయదు. ఆ రోజు రాకముందే మీ ఇద్దరి మధ్యా ఏదో ఒక పాట తిరుగుతూ ఉంటుంది. చాలాసార్లు అది అంత గొప్ప పాట కూడా అయ్యుండదు. అది ఏదో కనిపెట్టడమే అసలు పని, దానికి మీ సంగీతాభిరుచితో పెద్దగా పని లేదు.

ముందు నా 14 పాటలకీ పోస్ట్‌మార్టం చేస్తాను. అన్నీ మంచి పాటలే, ఇప్పటికీ వాటి మీద ఎవరైనా మాటంటే ఊరుకోను. కానీ అందులో పదకొండు నాకు పదిహేడు, పందొమ్మిదేళ్ల వయసులో పట్టుకున్నవి. మనిషికి జీవితం మొత్తంలో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జ్ఞాపకాలే ఎక్కువ దట్టంగా మిగులుతాయని సైకాలజీ వాళ్లు ఎప్పుడో తేల్చారు. పాటల సంగతైతే వేరే చెప్పక్కర్లేదు, టీనేజీలో అంటుకున్నవి చచ్చినా వదలవు. అంటే ఆ సాయంత్రం నేను చేసిందేంటి? నా పాత ఫోటో ఆల్బమ్ పట్టుకొచ్చి, తను ఒక్కదాంట్లోనూ లేని ఫోటోలు వరసగా తిప్పి, ఇదిగో ఇక్కడ నీ కళ్లు చెమర్చాలి అని ఎదురుచూశాను. వయొలిన్లు లేచినప్పుడు నా వెన్నులో పుట్టే జలదరింపు ఆ పాటది మాత్రమే అనుకున్నాను. దాన్ని వింటూ నేను గడిపిన ఏడేళ్లది అందులో పెద్ద వాటా. ఆ ఏడేళ్లూ స్పీకర్‌లోంచి బయటికి రావుగా.

దీని మీద ఒక ప్రయోగం ఉంది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో వలోరీ సాలింపూర్, ఆమెతో పనిచేసేవాళ్లు కొందరిని పిలిచి, మీకు ఒళ్లు పులకరించే సంగీతం మీరే తెచ్చుకోండి అన్నారు. అది వినిపిస్తూ మెదడు స్కాన్ చేస్తే, డోపమైన్ అనే హాయి కలిగించే రసాయనం ఆ పులకరింత వచ్చిన క్షణంలోనే కాదు, దానికి కొద్ది సెకన్ల ముందు కూడా, అదిగో వస్తోంది అని ఎదురుచూసే దశలోనే, మెదడులో ఇంకో చోట విడుదలవుతోందని తేలింది. తెలిసిన పాట కాబట్టే కదా ఎదురుచూడగలిగారు. తొమ్మిదో పాటలో వయొలిన్లు లేవబోతున్నాయని నాకు తెలుసు, తనకి తెలీదు. నేను పండక్కి ముందు రోజులో ఉన్నాను, తను మామూలు బుధవారంలో ఉంది.

ఇక మాటల సంగతి. పాటలో మాటలు వినకుండా ట్యూన్ చూసి ఎంచేవాళ్లు బోలెడంత మంది. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ పోలీస్ అనే బ్రిటిష్ బ్యాండ్ 1983లో పాడిన ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’. అమెరికాలో 8 వారాలు నంబర్ వన్‌గా నిలిచింది, ఎన్నో పెళ్లిళ్లలో మోగింది. దాన్ని రాసిన ఆ బ్యాండ్ గాయకుడు స్టింగ్ మాత్రం అది ప్రేమ పాట కాదు మహాప్రభో, వదిలి వెళ్లిన మనిషిని నీడలా కనిపెట్టి ఉండేవాడి పాట అని చాలాసార్లు చెప్పాడు. అమెరికన్ గాయని డాలీ పార్టన్ 1973లో రాసిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ కూడా అంతే. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షో నుంచి బయటికి వచ్చేస్తూ, ఆయనకి వీడ్కోలుగా రాసుకుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక అది ప్రపంచమంతా శాశ్వత ప్రేమకి గుర్తైపోయింది, అదీ పాడే మనిషి పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉండగా. వీటన్నిటికీ తాత ఇంకొకటి ఉంది. పాశ్చాత్య పెళ్లిళ్లలో వధువు నడిచి వచ్చేటప్పుడు వాయించే బాణీ, జర్మన్ సంగీతకర్త వాగ్నర్ రాసిన ‘లోహెన్‌గ్రిన్’ అనే ఆపెరాలోది, అంటే పాటలతో నడిచే నాటకంలోది. 1850లో మొదటిసారి ఆడారు. 1858లో బ్రిటిష్ రాకుమారి విక్టోరియా పెళ్లిలో వాయించాక అదే ఆనవాయితీ అయింది. ఆపెరాలో ఆ పాట పాడి కొత్త జంటని గదిలోకి పంపిస్తారు. కాసేపట్లోనే ఆవిడ అడగకూడదన్న ప్రశ్న అడుగుతుంది, ఆయన వదిలేసి వెళ్లిపోతాడు, ఆవిడ ప్రాణం పోతుంది. శుభం.

ఇవన్నీ చెప్పి, చూశారా సాహిత్యం చదివి ఎంచుకోండి అని సలహా ఇవ్వడం చాలా తేలిక. నేనివ్వను. ఒక జంట పదేళ్లు ఒక పాటలో కాపురం చేశాక, దాన్ని రాసినవాడు ఏ ఉద్దేశంతో రాశాడన్నది పాత ఇంటి ఓనర్ పేరు లాంటిది. పన్ను రసీదు మీద ఉంటే ఉంటుంది. ఆ ఇల్లు వాళ్లది. అర్థం తప్పడం కొత్త పాటతోనే ప్రమాదం, ఎందుకంటే కొత్త పాటలో పట్టుకోవడానికి మాటలు తప్ప ఇంకేమీ ఉండవు.

సినిమా పాటతో ఇంకో తలనొప్పి. అది ఎప్పుడూ ఒంటరిగా రాదు. పాట పెట్టగానే మనకంటే ముందు హీరో హీరోయిన్లు వచ్చి మధ్యలో కూర్చుంటారు. ఫస్టాఫ్ డ్యూయెట్టో, సెకండాఫ్‌లో అపార్థం తర్వాతదో, కలలో పాటో, అదంతా వినేవాళ్ల బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. తెలిసినతను ఒకడు ఇలాగే చాలా మెత్తటి పాట ఒకటి, మాటలన్నీ ముత్యాలే, ఎంచుకుని పెట్టాడు. ఆ అమ్మాయి సగంలో ఆపేసి, “వీడు క్లైమాక్స్‌లో చచ్చిపోతాడు కదా?” అని అడిగిందట. ఆమె తప్పేం లేదు, పాట విన్నది, సినిమా గుర్తొచ్చింది. సినిమా మర్చిపోయి పాట ఒక్కటే మిగలాలంటే దాన్ని మన సొంత సంగతులతో నింపుకోవాలి, దానికి కాలం పట్టాలి.

పాటకి పాత సొంతదారులు కూడా ఉంటారు. ఇది ఎవరూ పైకి అడగరు గానీ అడగాలి. మీరు ఎంతో ఇష్టపడి తెచ్చిన పాట ఎదుటి మనిషికి అంతకు ముందు ఇంకెవరో ఇచ్చి ఉండొచ్చు. లేదా ఏ ఆస్పత్రి వరండాలోనో పదే పదే మోగి ఉండొచ్చు. నా స్నేహితురాలు ఒకామె భర్త పుట్టినరోజుకి పాతకాలపు పాటొకటి వెతికి పెడితే ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్న గడ్డం గీసుకుంటూ రోజూ పాడే పాట అది, నాన్న పోయాక ఆయన దాన్ని వినలేదు. ఆమెకి ఈ సంగతి తెలీదు. అరగంట తర్వాత లోపలికి వచ్చి మళ్లీ పెట్టమన్నాడు, అది వేరే కథ. కానీ అది ఆమె ఎంచిన పాటై వచ్చి, ఆయన తండ్రి పాటై మిగిలింది. ఇలాంటివి ముందే తెలుసుకునే దారి ఒకటే. మామూలు రోజుల్లో పాటల గురించి మాట్లాడుకుంటూ ఉండాలి. ఏ పాట వస్తే రేడియో సౌండ్ పెంచుతారు, ఏ పాట వస్తే ఏమీ అనకుండా మార్చేస్తారు అని ఓ కంట చూస్తూ ఉండాలి. మార్చేసేవే ఎక్కువ చెప్తాయి.

ఎదుటి మనిషి చెవి తెలిసి ఇచ్చినవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండ్ సంగీతకర్త ఎల్గార్ కథ నాకు చాలా ఇష్టం. ఆలిస్ ఆయన దగ్గర పియానో నేర్చుకోవడానికి వచ్చిన మనిషి, ఆయనకంటే దాదాపు తొమ్మిదేళ్లు పెద్దది, కవితలూ కథలూ రాసేది. ఆవిడ ఇంట్లోవాళ్లకి ఈ సంబంధం బొత్తిగా ఇష్టం లేదు, ఎల్గార్‌కి అప్పటికి పేరూ లేదు, డబ్బూ లేదు. 1888లో ఆవిడ తన కవిత ఒకటి ఆయనకి ఇస్తే, ఆయన నిశ్చితార్థం కానుకగా మూడు నిమిషాల చిన్న సంగీతం ముక్క రాసిచ్చాడు. దానికి పేరు ఇంగ్లీషులో పెట్టలేదు. ఆవిడకి జర్మన్ బాగా వచ్చు కాబట్టి ‘లీబెస్‌గ్రూస్’ అని జర్మన్‌లో పెట్టాడు, అంటే ప్రేమతో ఓ పలకరింపు. ఆవిడ పేర్లు కెరొలిన్, ఆలిస్ రెండూ కలిపి ‘కారిస్’ అని ఒక మాట తయారు చేసి అంకితం రాశాడు. తర్వాత ప్రచురణకర్త అమ్మకాల కోసం ఫ్రెంచి పేరు తగిలించి ‘సాల్యూ దామూర్’ చేశాడు, అది ఇళ్లల్లో, హోటళ్లల్లో మోగిపోయింది. ఎల్గార్ దాన్ని ముందే కొద్దిపాటి సొమ్ముకి అమ్మేసుకున్నాడు కాబట్టి లాభం ఎవరికో పోయింది. రెండేళ్లకి కూతురు పుడితే ఆ పిల్లకి కారిస్ అనే పేరు పెట్టుకున్నారు. నాకు ఇందులో నచ్చేది ఆ జర్మన్ మాట. ట్యూన్ ఎవరైనా ఈల వేయొచ్చు, ఆ మాట మాత్రం ఆవిడ కోసం వెతికింది.

నా వాదన వింటున్న స్నేహితుడొకడు ఇక్కడ అడ్డుపడ్డాడు. సర్‌ప్రైజ్ అసలు వద్దంటావా, వాగ్నర్ మెట్ల మీద వాయించలేదా అన్నాడు. వాయించాడు, ఒప్పుకుంటాను. పెళ్లిపాట రాసి పెళ్లి చెడగొట్టిన ఆ వాగ్నరే. 1870 డిసెంబరు 25 పొద్దున, భార్య కోజిమా పుట్టినరోజు వేడుకకి, స్విట్జర్లాండ్‌లో లూసర్న్ సరస్సు ఒడ్డున వాళ్లుండే ఇంట్లో మెట్ల మీద చిన్న బృందాన్ని నిలబెట్టి ఆవిడ నిద్ర లేచేలా కొత్త సంగీతం వాయింపజేశాడు. రోజుల తరబడి దొంగచాటుగా రిహార్సల్స్. హాన్స్ రిక్టర్ అనే ఆయన పదమూడు బార్ల (తాళంలో పదమూడు చుట్ల) ట్రంపెట్ ముక్క కోసం ఆ వాద్యం పనిగట్టుకుని నేర్చుకుని, ఆవిడ చెవిన పడకుండా పడవేసుకుని సరస్సు మధ్యలోకి వెళ్లి సాధన చేశాడని చెప్తారు. ఇంతకంటే పెద్ద సర్‌ప్రైజ్ ఎవరివల్ల అవుతుంది? కానీ లోపల ఏముందో చూడండి. పిల్లల జోలపాట ఉంది. మొదట పెట్టిన పొడవాటి పేరులో కొడుకు ముద్దుపేరు ఉంది, వాడి పిట్టపాట ఉంది, ఆ ఇంట్లో చూసిన నారింజరంగు సూర్యోదయం ఉంది. కొత్తది మెట్ల మీద నిలబడ్డ బృందం ఒక్కటే, సరుకంతా వంటింటిదీ పడగ్గదిదీ. బయటివాళ్లకి అందులో సగం అర్థం కాదు. అందుకే 1878లో అప్పుల బాధకి దాన్ని ప్రచురణకి ఇచ్చేయాల్సి వచ్చినప్పుడు కోజిమా ఏడ్చింది. మనం ‘మా పాట’ని వీడియో తీసి స్టేటస్‌లో పెట్టేటప్పుడు ఆవిడని ఒక్కసారి తలుచుకోవాలి.

ఇప్పుడు మా పాట గురించి.

పెళ్లయిన మొదటి ఏడాది, ఇద్దరం కలిసి ఎటో వెళ్దామని బుక్ చేసిన టికెట్లు క్యాన్సిల్ అయ్యాయి, డబ్బులు వెనక్కి రాలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాం. నంబర్ ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, తర్వాత హోల్డ్. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరి మధ్యా నేల మీద పెట్టుకుని కూర్చున్నాం. ఏదో చవక కీబోర్డు మీద వాయించిన ట్యూన్, నలభై సెకన్లు ఉంటుందేమో, అదే మళ్లీ మళ్లీ. ఎక్కడో అతుకు సరిగ్గా కుదరక ప్రతి చుట్టు చివరా ఎక్కిళ్లు వచ్చినట్టు ఒక గుటక మింగుతుంది. రెండు నిమిషాలకోసారి మీ కాల్ మాకు చాలా ముఖ్యం అంటుంది. మొదటి పావుగంట తిట్టుకున్నాం, వాళ్లనీ, ఒకళ్లనొకళ్లం కూడా, ఎందుకంటే ఆ సైట్‌లో బుక్ చేద్దామన్నది నేను. తర్వాత తిట్లు అయిపోయాయి. ఇరవయ్యో నిమిషంలో తను నేల మీద వేళ్లతో దరువు వేయడం మొదలుపెట్టింది. ఇంకాసేపటికి ఆ ట్యూన్‌కి మాటలు కట్టింది: “మా డబ్బులు మాకివ్వరా, స్వామీ మా డబ్బులు మాకివ్వరా.” గుటక మింగే చోట సరిగ్గా తనూ గుటక మింగింది. నేను రెండో లైను అందుకున్నాను: “ఇచ్చేదాకా ఫోనే పెట్టం, పెట్టం గాక పెట్టం.” 52వ నిమిషంలో అవతల నిజం మనిషి వచ్చి నమస్కారం అన్నాడు. ఇద్దరికీ నవ్వాగక మాట రాలేదు. హలో, హలో అని చూసి ఆ అబ్బాయి పెట్టేశాడు.

డబ్బులు తర్వాతెప్పుడో వచ్చాయి లెండి.

ఒకే దాన్ని పదే పదే చూపిస్తే, వినిపిస్తే, అది నచ్చడం మొదలవుతుందని రాబర్ట్ జాయోన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే ప్రయోగాలతో చూపించాడు. 52 నిమిషాల్లో ఆ ట్యూన్ మాకు డెబ్బై చుట్లు అయ్యుంటుంది, పాపం ఇంక నచ్చక ఏం చేస్తుంది. కానీ నచ్చడం వేరు, మనదైపోవడం వేరు. దానికి ఇద్దరం ఒకే గోతిలో ఇరుక్కుని ఉండటం కూడా కావాల్సొచ్చిందనుకుంటాను. అన్నట్టు హోల్డ్ సంగీతాన్ని కనిపెట్టినాయన ఆల్ఫ్రెడ్ లెవీ అని ఒక అమెరికన్. 1962లో దరఖాస్తు పెడితే 1966లో పేటెంట్ వచ్చింది. ఫోన్‌లో నిశ్శబ్దంగా ఉంటే అవతలివాళ్లు లైన్ కట్టయిందనుకుని పెట్టేస్తారు, ఏదో ఒకటి మోగుతూ ఉంటే ఇంకా కలిసే ఉన్నాం అని తెలుస్తుంది, అదీ ఆలోచన. కాపురంలో కూనిరాగాలు కూడా అందుకేనేమో, నాకు తెలీదు.

ఆ తర్వాత ఎప్పుడు టెన్షన్ వచ్చినా ఆ ట్యూన్ వచ్చేది. క్యూలో, జీతం పడని నెలాఖరులో, ఎవరింట్లోనో అందరూ గొడవపడుతుంటే టేబుల్ కింద తన వేలు నా మోకాలి మీద దరువేస్తూ. మూడేళ్ల క్రితం తనకి చిన్న ఆపరేషన్. చిన్నదే అని డాక్టర్లంటారు, మనకి చిన్నదేంటి. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తలకి ఆ నీలం టోపీ తొడిగి, తోసుకెళ్లబోతున్నారు. నేను ఏదో ధైర్యం చెప్పాలి, ఒక్క మాట దొరకడం లేదు. తను కళ్లు మూసుకునే, మెల్లగా, ఆ ట్యూన్ ఎత్తుకుంది. చివర్లో గుటక కూడా వేసింది. నేను “ఇచ్చేదాకా ఫోనే పెట్టం” అన్నాను. నర్సు మా ఇద్దరి వంకా అదోలా చూసింది. నా 14 పాటల్లో ఏదీ ఆ తలుపు దాకా వచ్చేది కాదు.

ప్రత్యేకమైన క్షణం అనగానే ప్రపోజలు, పెళ్లిరోజు, కొవ్వొత్తులు అని మనమే గిరి గీసుకున్నాం. మన పాత పదకర్తలకి ఈ ఇరుకు లేదు. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలు వినండి, అన్నీ శృంగారమే, కానీ ఎన్నెన్ని రకాల సందర్భాలు! లక్షణకారులు చెప్పిన అష్టవిధ నాయికల్లో ప్రియుడు పక్కనే ఉండి, చెప్పిన మాట వింటూ, హాయిగా ఉన్నది స్వాధీనపతిక ఒక్కతే. మిగతావాళ్లలో ఒకరు ముస్తాబై ఎదురుచూస్తుంటారు, ఒకరు రాలేదని కుమిలిపోతుంటారు, ఖండిత తెల్లారి వచ్చినవాణ్ణి కడిగేస్తుంటుంది, కలహాంతరిత పోట్లాడి పంపించేసి ఇప్పుడు వేళ్లు కొరుక్కుంటుంటుంది. ఎనిమిదింట ఒక్క గదికే మనం ప్లేలిస్టులు కడుతున్నాం, మిగతా ఏడు గదుల్లోనే ఎక్కువ కాలం బతుకుతూ.

పోట్లాట తర్వాతి పాట గురించి మాత్రం నా అభిప్రాయం కటువుగా ఉంటుంది. సారీ చెప్పాల్సిన చోట పాట పంపించడం ఎగవేత. నేనూ చేశాను. ఒకసారి పెద్ద గొడవయ్యాక పక్క గదిలోంచి చాలా ఆర్ద్రమైన పాట లింక్ పంపాను. “లింకులొద్దు, నోటితో చెప్పు” అని రిప్లై వచ్చింది. వెళ్లి చెప్పాను. కవి ఎంత గొప్పవాడైనా నా తప్పు ఆయనకి తెలీదుగా.

ఇంకో చిన్న సంగతి. పాట పెట్టి ఎదుటివాళ్ల మొహంలోకి చూడకండి. ఇది చాలామంది చేస్తారు, నేనైతే చేతులు కట్టుకుని మరీ చూసేవాణ్ణి. అలా చూస్తుంటే పాపం వాళ్లు వినడం మానేసి, విన్నట్టు కనపడటంలో పడిపోతారు. తల ఊపాలా, కళ్లు మూసుకోవాలా, ఎంతసేపు మూసుకోవాలి. అటు తిరిగి బట్టలు మడతపెట్టుకోండి, గిన్నెలు కడుగుతూ వినండి. వైరున్న ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని వినడం నాకు ఇష్టం, ఎందుకంటే అప్పుడు ఎదురుగా చూసుకోలేం, పక్కపక్కనే ఉండాలి. కాకపోతే దాంట్లో ఓ తమాషా ఉంది. 1960లలో స్టీరియో కొత్తగా వచ్చినప్పటి రికార్డింగుల్లో కొన్నిట్లో గొంతు ఒక పక్క, వాద్యాలు ఒక పక్క ఉంటాయి. ఒకసారి అలాంటి పాటే విని, ఎంత బాగా పాడాడో అని నేనంటే “ఎవరు పాడారు? గిటారే కదా ఉంది” అంది తను. ఒకే పాట, సగం సగం విన్నాం. చెవులు మార్చుకుని మళ్లీ విన్నాం.

1979లో సోనీ వాళ్లు తెచ్చిన మొట్టమొదటి వాక్‌మన్‌కి రెండు హెడ్‌ఫోన్ సాకెట్లు ఉండేవి తెలుసా? ఒక్కళ్లే వింటూ కూర్చోవడం మర్యాదగా ఉండదేమోనని కంపెనీ పెద్ద అకియో మొరీటా పెట్టించాడు. పైన నారింజరంగు బటన్ ఒకటి. అది నొక్కితే పాట సౌండ్ తగ్గి, అందులోని మైక్ ద్వారా ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. జనం ఎవరిది వాళ్లు కొనుక్కుని ఒంటరిగానే వినడంతో తర్వాతి మోడళ్లలో తీసేశారు. ఆ బటన్ నాకు ఆ మేడ మీద కావాల్సింది.

అయితే ఎవరూ ఎవరికీ కొత్త పాట వినిపించకూడదా అంటే, వినిపించండి, వద్దన్నదెవరు. ఏ ప్రాముఖ్యతా లేని మంగళవారం నాడు వినిపించండి, ఇది బాగుంది విను అని వదిలేయండి. పదింట్లో తొమ్మిది జారిపోతాయి. పదోదాన్ని వారం తర్వాత స్నానాల గదిలోంచి తప్పుడు మాటలతో పాడుతుంటే వింటారు. అప్పుడు మాటలు సరిచేయకండి. ముఖ్యమైన రోజు వచ్చినప్పుడు ఆ తప్పుడు మాటలతోనే పాడండి, ఒరిజినల్ పెట్టాల్సిన పని కూడా ఉండదు, యాడ్ల బాధ అసలే ఉండదు.

మొన్న మళ్లీ ఆ కంపెనీకే ఫోన్ చేయాల్సొచ్చింది. బుద్ధి రాక మళ్లీ అక్కడే బుక్ చేశాను, మళ్లీ క్యాన్సిల్ అయింది. ఒకటి నొక్కాను, రెండు నొక్కాను, హోల్డ్‌లో పడేశారు. స్పీకర్ ఆన్ చేశాను. ట్యూన్ మార్చేశారు. మెత్తటి పియానో, ఎక్కడా అతుకు లేదు, గుటక లేదు, నిజం చెప్పాలంటే పాతదానికంటే చాలా బాగుంది. లోపలి గదిలోంచి తను కేకేసింది.

“ఇది మనది కాదు, పెట్టేయ్.”

పెట్టలేదు. డబ్బులు రావాలి కదా.